నడిమర్ర మీద అద్దం

మా ఇంటి నడిమర్రల పట్టపగలు గూడ లైటు వేసుకునే తిరిగేటోళ్లం. ఇటు గోడ ఇటు పక్కోళ్లది, అటు గోడ అటు పక్కోళ్లది. హన్మకొండ పాత గల్లీలల్ల ఇండ్లు అట్లనే భుజాలు రాసుకోని నిలవడ్డయి. కిటికి పెడుదామంటే అది పోయి పక్కోళ్ల వంటింట్ల తెరుచుకోవాలె. ముందర అర్రల నా మ్యాచింగ్ దుకాణం, నడుమ నడిమర్ర, ఎనుక వంటిల్లు. అంతే ఇల్లు, రైలుపెట్టె లెక్క పొడుగ్గ.

కట్టినోళ్లకు తెలివి లేక కాదు. మా మామ కట్టించిన నాడు నడిమర్రకు కప్పే లేదు. నేను కోడలిగ అడుగువెట్టినప్పుడు గూడ తలకాయెత్తితే ఆకాశమే. ఎండ తిన్నగ షాబాదు బండల మీద పడేది. ఒడియాలు అక్కడ్నే ఎండేటియి, పిల్లల తలలు అక్కడ్నే ఆరేటియి. మరి దాన్ని మూయించిందెవరంటే, కోతులు. నవ్వకుండ్రి. హన్మకొండల ఉన్నోళ్లయితే నవ్వరు. ఒడియాలు ఎత్తుకపోయినయి, ఆరేసిన చీరెలు చింపినయి, ఒకనాడు కుక్కర్ మూత పట్టుకపోయి నీళ్ల ట్యాంకు మీద కూసోని డప్పు కొట్టినయి. మొదాలు ఇనుప జాలి వేయించినం. జాలి మీద కూసోని సందుల్లకెల్లి చేతులు వెట్టినయి. తర్వాత రేకులు వేయించినం. రేకుల మీద అవి దుంకితే అన్నం తినేటోళ్ల చేతుల ముద్ద జారిపోయేది. ఆఖరికి మా ఆయన పండ్లు కొరికి స్లాబ్ పోయించిండు. పీడ పోయిందని ఆ దినం అందరం మిఠాయి తిన్నం. కోతులతోని పాటు సూర్యుణ్ని గూడ ఎల్లగొట్టినమని ఎవలకూ తోచలే. మా గల్లీల సగం ఇండ్లు గిట్లనే మూసుకపోయినయి.

నా పని రంగులది. ఆడోళ్లు చీరె తెస్తరు, నేను దానికి జాకెట్ ముక్క, ఫాల్, లంగ కలిపి ఇస్త. చీరె చూడంగనే చెయ్యి దానంతట అదే అలమరల సరైన మడత మీదికి పోయేది. గిరాకీలు నమ్మరనుకోండ్రి. ఎంత చెప్పినా, "జర బయట చూసొస్తనక్కా" అని చీరె, ముక్క రెండూ పట్టుకోని రోడ్డు మీదికి పోతరు. ట్యూబ్‌లైటు కింద చూసిన రంగు రంగే కాదని ఇక్కడి ఆడోళ్లందరికి తెలుసు. పోనీ అనేదాన్ని. ఎండల చూసి, తల ఊపుకుంట మళ్ల లోపలికి వచ్చేటోళ్లు. అది నా గర్వం.

తర్వాత మా ముందర ఒక అపార్ట్‌మెంట్ లేచింది. గల్లీల గూడ ఎండ పోయింది. నేను దుకాణంల తెల్లటి ఎల్ఈడీలు పెట్టించుకోని, జిగేల్మంటాందని మురిసిన. అప్పటిసంది మొదలైంది. రామా గ్రీన్ చీరెకు నెమలికంఠం ముక్క ఇచ్చిన. మెరూనుకు వంగపండు రంగు ఇచ్చిన. "ఏందక్కా, ఇంటికి పోయి చూస్తే రెండూ రెండు దిక్కులున్నయి" అని వాపసు తెచ్చుడు షురూ చేసిండ్రు. అట్ల తిరిగొచ్చిన ముక్కలను ఒక సంచిల కుక్కి, కౌంటర్ కిందికి తన్నేదాన్ని. ఆ సంచి నిండుకుంట వచ్చింది. నా పానం జారుకుంట వచ్చింది.

ఎందుకంటే, మా అమ్మకు చివరికి కండ్లు పోయినయి. ఒక్కపారే పోలే. ముందుగాల గడపలు తాకేది, చెంబు పక్కన చెయ్యి వెట్టేది. అడిగితే, "ఇంట్ల చీకటున్నది, జర పెద్ద లైటు బుగ్గ ఏయుండ్రి" అనేది. మేము బుగ్గలు మార్చినం. మార్చుకుంటనే పోయినం. దవఖానకు తీస్కపోయేసరికి డాక్టరు తల అడ్డంగ ఊపిండు. కంటిల ఒత్తిడి పెరిగి నరం ఎండిపోయిందట, పోయిన చూపు మళ్ల రాదట. ఆ రోగం పిల్లలకు గూడ రావచ్చు, చూపించుకోవాలని ఆ డాక్టరే చెప్పిండు. చూపించుకోవాలంటే భయమైతది గదా! అందుకే పోలే. ఇప్పుడు నా చేతుల రంగులు తప్పుతాంటే, ఇంట్ల చీకటున్నదని నా నోటికి వచ్చేది, ఆ మాట అమ్మదని గుర్తుకొచ్చి మింగేదాన్ని. కండ్లు పోతే నా బతుకేంది? రంగులు తప్ప నాకింకో ఇద్దె రాదాయె. ఇంట్ల ఎవలకూ చెప్పలే.

గా టైముల మా అత్తమ్మ లొల్లి మొదలువెట్టింది. సుబేదారిల చుట్టాల ఇంటికి గృహప్రవేశానికి పోయొచ్చింది. వాళ్లింట్ల మెట్ల మీద కప్పుకు అద్దం పెట్టిండ్రట, లోపల లైటే అక్కర లేదట. ఇగ కొడుకును పట్టుకున్నది. "ఇంట్ల చీకటున్నది కొడుకా, నడిమర్ర మీద గసొంటి అద్దం పెట్టియ్యి" అని పొద్దుమాపు అదే పాట. మా ఆయనది డోర్నకల్‌ల రైల్వే నౌకరి. తెల్లారక ముందే బండెక్కుతడు, పొద్దుగూకినంక దిగుతడు. మా ఇల్లు పగటీలి ఎట్లుంటదో ఆయనకు ఆదివారం తప్ప తెల్వదు. ఆ ఆదివారం అత్తమ్మ ఆయన్ను నడిమర్రల కూసోవెట్టి, లైటు బందు చేసి, "గిప్పుడు పేపర్ చదువు" అన్నది. ఆయన చదవలేక నవ్విండు. పని ఒప్పుకున్నడు.

ఒప్పుకోనిది నేనొక్కదాన్నే. ఎంత అడ్డం పొడుగు మాట్లాడిన్నో! కోతులు పలగ్గొడ్తయన్న. వానకు కారుతదన్న. ఎండకాలం వరంగల్ ఎండకు మనందరం అప్పడాలైతమన్న. అద్దం నెత్తిన పడి ఎవలన్న పోతే ఎవరిది జిమ్మేదారి అని అడిగిన. మా ఆయన, "చీకటి పోయి ఎలుగొస్తే నీకు నొప్పేందే? దుకాణానికి గూడ మంచిదే గదా" అన్నడు. నాకు నొప్పే మరి! చీకటున్నంత సేపు, తప్పు చీకటిదేమోనన్న చిన్న ఆశ ఉంటది. ఎండ వచ్చి నా ముందర పడ్డంక గూడ రంగులు తప్పితే, ఇగ చెప్పుకోవడానికి ఏముంటది? ఆ ఎలుగు నాకు పరీక్ష లెక్క అనిపిచ్చింది. ఆ సంగతి చెప్పలేక కోతుల మీద ఏడ్చిన.

నా మాట ఎవలూ వినలే. మేస్త్రి వచ్చి స్లాబును మిషన్‌తోని కోసిండు. ఇల్లంత బురద, దుమ్ము. ఉప్పు డబ్బల గూడ సిమెంటే. అద్దమాయనను నేనే కూసోవెట్టి పోలీసు లెక్క ప్రశ్నలు అడిగిన. ఒక్క అద్దం కాదు, రెండు గట్టి అద్దాల నడుమ జిగురు పొర పెట్టి అతికిస్తరట, పగిలినా పెంకులు కింద పడయట. అద్దాన్ని కప్పుకు అంటించకుండ చుట్టూ జానెడు గోడ లేపి దాని మీద వాలుగ పెట్టిండ్రు, వాన జారిపోవాలని. ఆ గోడకు నాలుగు దిక్కుల సందులిడిచి సన్న జాలి కొట్టిండ్రు, వేడి గాలి మీదికెల్లి పోవాలని. అద్దానికి తెల్లటి పొర అంటించిండ్రు, ఎండ సుర్రుమనకుంట మెత్తగ దిగాలని. నా దుకాణానికి, నడిమర్రకు నడుమ గోడ పైసగం తీసేసి అక్కడ గూడ అద్దమే బిగించిండ్రు. వంటింటి తలుపుకు మసక అద్దం. గోడలకు తెల్ల సున్నం లెక్కటి రంగు. నేను అన్నిటికీ వంక పెట్టిన, అన్నీ అయితనే ఉన్నయి.

పని అయిపోయి అద్దం మీద కప్పిన పట్ట గుంజిన పొద్దు ముందుగాల కనవడ్డది సాలెగూళ్లు. అవ్వల్ల! రోజు ఊడ్చే ఇంట్లనే గింత బూజా అని నాకే సిగ్గయింది. షాబాదు బండలు నల్లగుంటయని అలవాటయింది గని, అవి నీలం. మరిచేపోయిన. జరసేపటికే కోతులొచ్చినయి. ఒకటి అద్దం మీద ఎక్కి కూసున్నది. కింద నుంచి చూస్తే దాని ఎర్ర పిర్రలు తప్ప ఏం కనవడలే. అద్దం మీద కాళ్లు జారుతాంటే తిట్టుకుంట పోయింది. మా ఆయన నా దిక్కు చూసి మీసాల్ల నవ్విండు.

నేను మాత్రం దుకాణంల వీపు ఆ ఎలుగుకు పెట్టి, పాత ఎల్ఈడీ కిందనే పని చేసుకుంట కూసున్న. ఎన్ని దినాలని కూసుంట? ఒకనాడు పగటీలి గిరాకీ లేదు. అత్తమ్మ పండుకున్నది. అయ్యేదేదో కానీ అనుకోని, కౌంటర్ కింది సంచి గుంజి, నడిమర్రల బండల మీద కుమ్మరించిన. ఒక్కొక్క ముక్క పరిచిన. వాటి పక్కన అలమరలవి సరైనవి తెచ్చి పరిచిన.

రామా గ్రీన్ వేరు, నెమలికంఠం వేరు! చిన్నపిల్ల గూడ చెప్తది. మెరూన్‌ల ఎరుపున్నది, వంగపండుల నీలమున్నది. ఏ ముక్క ఎందుకు తప్పిందో ఒక్కొక్కటి నాకు నోరు తెరిచి చెప్పినట్టే కనవడ్డది. ఇవే ముక్కలను దుకాణంల లైటు కిందికి పట్టుకపోయిన. రెండూ ఒక్కటే అయినయి. మళ్ల ఎండలకు తెచ్చిన, విడిపోయినయి. నా కండ్లు కాదు, ఆ దొంగ లైటు! ఆ బట్టల నడుమనే కాళ్లు చాపుకోని కూసోని ఒక్కదాన్నే నవ్విన. ఎన్ని నెలల సంది నెత్తి మీదున్న మూట దిగిందో, మెడ తేలిక్కయింది.

ఇగ గిరాకీలను నడిమర్రలకే పిలుసుడు షురూ చేసిన. "గీడ చూడు చెల్లె, రోడ్డు మీదికి ఎందుకు" అని. వాపసులు బందయినయి. చిరాకు తగ్గి నా నోరు గూడ మంచిగయిందని మా ఆయన అన్నడు. అద్దం నా ఆలోచనే అన్నట్టు పక్కింటోళ్లకు చెప్పుకున్న.

ఒకనాడు మిట్టమధ్యాహ్నం. ఎండ సరిగ్గ నడిమర్ర నడుమ పడి బండలు మెరుస్తానయి. అత్తమ్మ ఆ ఎలుగుల పీట వేసుకోని, చాటల బియ్యం పోసుకోని ఏరుతాంది. నేను దుకాణంల చీరె మడత పెడ్తాన.

"బిడ్డా," అన్నది, "జర లైటెయ్యి. ఇంట్ల చీకటున్నది."

చేతుల చీరె ఆడ్నే ఇడిచిపెట్టిన. పోయి ఎదురుంగ కూసున్న. చాటల రాళ్లు రాళ్ల లెక్కనే ఉన్నయి. ఆమె వేళ్లతోని తడిమి తడిమి ఏరుతాంది. గింత ఎండల! అద్దం కావాలె అద్దం కావాలె అని కొడుకు పానం తీసిందెందుకో అప్పుడు అర్థమైంది.

"ఎన్ని దినాల సంది అత్తమ్మా?"

"ఏంది ఎన్ని దినాలు? ముసల్దాన్నైన, గంతే."

"నాతోని అబద్ధమా?"

చాట పక్కన పెట్టింది. "ఇల్లు ఎలుగు చేసుకుంటే తక్కువైతదనుకున్న బిడ్డా," అన్నది మెల్లగ. "దవఖానకు పోతే కండ్లు కోస్తరు. ఉన్న జరంత గూడ పోతదేమోనని భయం."

నాకు కోపమొచ్చింది, ఏడ్పొచ్చింది. గా భయం నాకు తెల్వదా? ఒక్క ఇంట్ల, ఒక్క కప్పు కింద ఇద్దరం ఒకలికి తెల్వకుండ ఒకలం అదే భయాన్ని మింగుకుంట తిరిగినం. "రేపు పోతానం. ఎవలడ్డమొచ్చినా వినేది లేదు" అని గట్టిగ అన్న. అడ్డమొచ్చేటోళ్లు ఎవలూ లేరు, అయినా అన్న.

తెల్లారి ఆటో మాట్లాడుకోని కండ్ల దవఖానకు పోయినం. చీటీ రాసే పిల్ల, "ఎవరికమ్మా చూపించేది?" అని అడిగింది. నేను అత్తమ్మను చూపెట్టిన. చూపెట్టినంక గూడ నా చెయ్యి కిందికి దిగలే. రంగులు కుదిరినయి నిజమే. గని మా అమ్మకు గూడ శానా దినాలు రంగులు తెలిసినయి, ముందుగాల పోయింది పక్కల చూపు. ఎలుగు చెప్పేది ఎలుగు చెప్పింది, మిగిలింది డాక్టరే చెప్పాలె.

"ఇద్దరికీ రాయి బిడ్డా" అన్న.

అత్తమ్మ నా దిక్కు తిరిగింది. "నీకేమైందే?" అన్నది. బల్ల మీద కూసోని అమ్మ సంగతి, సంచి సంగతి, కోతుల మీద ఎందుకు ఏడ్చిన్నో అంత చెప్పేసిన. చుక్కల మందు ఏసిండ్రు, ఇద్దరం కండ్లు మూసుకోని పక్కపక్కన కూసున్నం.

డాక్టరమ్మ ముందుగాల అత్తమ్మను చూసింది. రెండు కండ్లల్ల పొర ముదిరింది, ఆపరేషన్ చేస్తే సక్కగ కనవడ్తది, ఫికర్ లేదన్నది. తర్వాత నన్ను లోపలికి పిలిచింది. ఒత్తిడి చూసింది, నరం చూసింది, ఏదో మిషన్‌ల మొహం పెట్టిచ్చి పక్కన చుక్కలు కనవడంగనే మీట ఒత్తమన్నది. చివరికి, "మీకేం లేదమ్మా. దగ్గరి చూపుకు అద్దాలు పెట్టుకోండి. మీ అమ్మకు ఉండె కాబట్టి ఏడాదికోపారి వచ్చి చూపించుకోండి" అన్నది. మళ్ల అడిగిన. మళ్ల అదే చెప్పింది.

బయటికొచ్చి బల్ల మీద కూలవడ్డ. ఏడ్పు ఆగలే. గన్ని దినాల భయం ఒక్కపారే కారిపోతాంటే మాట ఎక్కడిది? నోటికి కొంగు అడ్డం పెట్టుకోని వెక్కుతాన.

అత్తమ్మకు నా మొహం కనవడదు, చప్పుడే వినవడ్డది. నాకేదో అయిందనే అనుకున్నది. గాలిల తడుముకుంట నా చెయ్యి దొరకవట్టి, గట్టిగ పట్టుకున్నది.

"ఏడ్వకు బిడ్డా, ఫికర్ జెయ్యకు," అన్నది. "నీకు కనవడకపోతే ఏమాయె? దుకాణంల నీ పక్కన నేను కూసుంట. రంగులు నేను చూసి చెప్త."

"నాకేం లేదత్తమ్మా" అనుకుంట ఆమె చేతి మీద నా ఇంకో చెయ్యి వెట్టిన.