వేరుమూత మందు

గంగులు కలిపిన మొదటి గ్లాసు అతని మేక తాగింది. తాగి, దండెం మీద ఆరుతున్న నా పంచెను అంచుతో సహా తినేసింది. రెండో పంచె చాకలి దగ్గర ఉండడంతో ఆ రోజు కడుపునొప్పి అని రాసి బడికి సెలవు పెట్టాను.

"సూసారా మాస్టారూ, ఆకలి పుట్టీసినాది!" అని గంగులు నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

కోపం రావలసింది. రాలేదు. అతని పెళ్లాం దాలమ్మ సంగతి మా వీధంతటికీ తెలుసు. టైఫాయిడు తగ్గి నెలైంది, కానీ పోతూ పోతూ ఆ జ్వరం నాలుక రుచి పట్టుకుపోయింది. ఏది పెట్టినా "మట్టినాగున్నాది" అని కంచం తోసేస్తోంది. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి.

గంగులు నెల్లిమర్లలో ఓ ఇంజనీరు దొర బంగళాలో ఇరవై ఏళ్లు వంట చేశాడు. అరవై ఎనిమిదిలో దొర తన దేశానికి పోతూ సగం సీసా ఒకటి ఇతని చేతిలో పెట్టాడు. భోజనానికి ముందు అది కాస్త పుచ్చుకుంటేగాని దొరకి ముద్ద దిగేది కాదట. సీసా మీది పేరు నేనే చదివి పెట్టాను, వెర్మూత్ అని, మూలికలు నానేసిన దొరల సారా.

"వేరుమూతా! నాననుకుంతనే ఉన్నాను, ఇది వేరుమందేనని!"

వాసన చూస్తే అచ్చం కషాయమే. కాదనలేకపోయాను. మద్యనిషేధం రోజులు. దొరకి పర్మిటు ఉండేది, గంగులుకి లేదు. అందుకని వేరుమూత కుంకుడుకాయల డబ్బాలో కాపురం పెట్టింది.

గోలీసోడా, నిమ్మరసంతో కలిపింది మేక పాలైంది. తాటిబెల్లం, శొంఠి వేసినదాన్ని గంగులూ, అతని బావమరిది ఎల్లాజీ రుచి చూశారు. చూసి, దాలమ్మకని వండిన మెత్తటి అన్నం గిన్నెడూ ఊడ్చేశారు.

"పేనం లేసొచ్చినాది బావా!" అన్నాడు ఎల్లాజీ.

"నీ పేనం ఎవుడికి కావాలిరా? మీ అప్ప దాలమ్మ పేనం లేసి రావాల," అని గంగులు మొహం పక్కకు తిప్పుకున్నాడు.

ఆఖరికి చింతపండు చారులో ఒక్క చెంచా కలిపి ఇచ్చాడు. దాలమ్మ మొహం చిట్లించింది. "సీ, సేదు!" అంది. మట్టి అనలేదని గంగులు పరుగున వచ్చి నాతో చెప్పాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం, నేను వాళ్ల అరుగు మీద ఉండగానే, బీరకాయ పథ్యం మూడు ముద్దలు తిని దాలమ్మ ఆగింది.

"ఈ కూరలో ఉప్పేది? ఇరవయ్యేళ్లు ఆ దొరకి ఏటి వండి పెట్టినావో!"

"ఇంకో ముద్ద తిని గట్టిగా సెప్పే, ఈదంతా ఇనాల."