మొండయ్య తెచ్చే పాలకొమ్మ

ఖానాపూర్ దగ్గరి మా ఊళ్లో పందిరి గుంజకు పాలకొమ్మ కట్టనిదే పెండ్లి పని మొదలుకాదు. అదీ ఏ పాలచెట్టుదో అయితే చెల్లదు, తెడ్లపాలదే కావాలి. నలభై ఏళ్లుగా దాన్ని అడవి నుంచి తెచ్చేది మొండయ్య. ఆ కట్టెతోనే తెడ్లు చెక్కి బతికిన మనిషి.

ఈసారి నా మేనకోడలు ఆమని పెండ్లి. మొండయ్య కండ్లకు శుక్లాలు వచ్చాయి. "కాకకు సక్కగ కనవడుతలేదు తమ్మీ, నువ్వే తేరాదు" అంది మా అక్క సీతాబాయి. మొండయ్య వాకిట్లోనే ఉన్నాడు. "గీ ఒక్క పనన్న నాకుండనియ్యి బిడ్డా" అన్నాడు. విననట్టే కారెక్కాను. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేవాణ్ణి, ఆమాత్రం చెట్టు గుర్తుపట్టలేనా!

అడవిలో ఒక చెట్టు కొమ్మను గిల్లితే పాలు కారాయి. తెల్లటి పూలు, మల్లె వాసన. ఇంకేం కావాలి? దర్జాగా తెచ్చి పందిట్లో పెట్టాను. మొండయ్య పువ్వును వేలితో తడిమి నవ్వాడు.

"సారూ, గిది కొడిశ. కడుపుల నొస్తే పనికొస్తది, లగ్గానికి గాదు."

"పాలు కారుతున్నయి గద కాకా?"

"రెండిట్లకెల్లి కారుతయి. తెడ్లపాల పువ్వు నడుమ కుచ్చుంటది, గిది బోడి. దాని కాయలు జంటగ ఏలాడి కొసలు అతుక్కుంటయి. గీ కొడిశ కాయలు సూడు, ఎడమొకం పెడమొకం. గిసొంటిది కట్టి పిల్లను అత్తగారింటికి పంపుతమా?"

"చదవేస్తే ఉన్న మతి పోయిందట" అని అక్క పకపకా నవ్వింది. కొమ్మ తప్పిందని నాకు సిగ్గేసింది. పొద్దున ఆయన మాట విననట్టు నటించినందుకు ఇంకా సిగ్గేసింది.

"కాకా, కారెక్కు" అన్నాను.

అడవి అంచున రెండు చెట్లను తడిమి వద్దన్నాడు. మూడోదాని కాయల కొసలు పట్టి చూసి, చెట్టుకు దండం పెట్టి, తనే ఒక కొమ్మ కోశాడు. గంటలో గుంజకు కట్టాడు. "తప్పయింది కాకా" అంటూ అక్క ఆయన భుజాన కొత్త తువ్వాల కప్పింది. ఆయన మొహం వెలిగిపోయింది.

అంతలో పక్కింటి హనుమండ్లు నన్ను అడిగాడు. "సారూ, వచ్చే వారం మా పిలగాని లగ్గం. మాకు గూడ కొమ్మ తెస్తరా?"

నేను నోరు తెరిచేలోపే మొండయ్య అందుకున్నాడు. "నేను తెస్త. సారు కారు నడుపుతడు."

ఆ ఎండాకాలం నాలుగు పెండ్లిళ్లకు కారు నడిపాను. కొమ్మను మాత్రం మొండయ్య ఒక్కసారీ నన్ను ముట్టనియ్యలేదు.