తడి గోనెల కింద కారు

మొన్న వనపర్తిలో ఒక మెకానిక్ షెడ్డు పక్కగా పోతుంటే తడి గోనెల వాసన, తుప్పు వాసన కలిసి తగిలాయి. కాళ్లు ఆగిపోయాయి.

గద్వాలలో మాది నేతపని ఇల్లు. కిరాయికి తిప్పాలని నాన్న ఒక పాత అంబాసిడర్ కారు కొన్నాడు. ఇంతలో సూరత్‌లో పని దొరికి, రెండేళ్లకని వెళ్తూ దాన్ని తన తల్లికి, మా అవ్వకు అప్పగించాడు.

ఎండకు పట్టుపోగులు తెగకుండా అవ్వ మగ్గం చుట్టూ తడి గోనెలు కట్టేది. కారుకూ అదే చేసింది. రోజూ గోనెలు తడిపి కప్పేది. కింద ఎర్రనీళ్లు కనబడితే, గోనెలకు అంటిన అద్దకం రంగు దిగుతోందనుకున్నాను.

నాన్న తిరిగొచ్చి, గోనెలు లాగి తలుపు తెరిచాడు. తలుపు అడుగుభాగం ఊడి, ఎర్రటి పొడై ఆయన పాదాల మీద రాలింది.

“ఏందమ్మా ఇది! ఇనుముకు ఎవరన్న నీళ్లు తాపుతరా?” అన్నాడు నాన్న.

“ఎండకు పగులుతదని భయపడ్డ బిడ్డా. జరమొచ్చిన దినం సుత తడుపుడు మర్వలే,” అంది అవ్వ.

ఆ కారు ఇక కదలలేదు. నాన్న మళ్లీ సూరత్ వెళ్లాడు. ఇప్పుడు లెక్క వేస్తే, అవ్వ ఎన్ని రోజులు బద్ధకించి ఉంటే కారుకు అన్ని రోజుల ఆయుష్షు మిగిలేది. ఆమె ఒక్కరోజూ బద్ధకించలేదు.