సాయిబు తాత కుడిచెయ్యి

నా చిన్నప్పుడు పెనుకొండలో మా వీధి ఆడవాళ్ళ చేతులు పట్టుకోగల పరాయి మగవాడు ఒక్కడే ఉండేవాడు. ఆయన గాజుల సాయిబు తాత. పదిమందిలో మా నాయన మా అమ్మ చెయ్యి పట్టుకోవడం నేను ఏనాడూ చూడలేదు. అట్లాంటిది సాయిబు తాత మా అరుగు మీద కూర్చుని, భుజం మీది గాజుల మలారం దించి, "చెయ్యి ఈ తల్లీ" అంటే చాలు, మా అమ్మ, చిన్నమ్మ, పక్కింటి అక్క, ఎదురింటి కొత్త కోడలు అందరూ కొంగులు సర్దుకొని ఆయన ముందర చేరేవాళ్ళు. మా బొటనవేలిని అరచేతిలోకి మడిచి, వేళ్ళ మొదళ్ళు మెత్తగా పిసుకుతూ, ఆ ఊరి సంగతీ ఈ ఊరి సంగతీ చెబుతూ ఉండేవాడు. గాజు ఎప్పుడు కణుపు దాటిందో తెలిసేది కాదు. నేను ఏడుపు మొదలు పెట్టే లోపలే "అయిపాయ కదమ్మీ" అని నవ్వేవాడు. చివర్న ప్రతి చేతికీ ఒక గాజు ఊరికే వేసి, "చల్లగా ఉండు తల్లీ" అనేవాడు. ఆ మాట ఆయన నోటి నుంచి వినకపోతే మా అమ్మకు పండగ అయినట్టే ఉండేది కాదు.

మా అవ్వ మాత్రం ఆ పూట పెరట్లోకి పోయేది. మా తాతయ్య పోయి అప్పటికే చాలా ఏళ్ళు. ఇంట్లో బీగాల గుత్తి ఆమె నడుముకే ఉండేది, అంగట్లో బెల్లం ఎప్పుడు కొనాలో, చింతపండు ఎప్పుడు అమ్మాలో మా నాయనకు ఆమే చెప్పేది. అయినా శుభకార్యం అనేసరికి ఆమె చోటు తలుపు వెనకే. అప్పట్లో నాకది అర్థమయ్యేది కాదు. తర్వాత అర్థమైంది గాని, ఈ రోజుకీ నేను ఒప్పుకోలేదు. అవ్వ పెళ్ళికి గాజులు వేసింది సాయిబు తాత వాళ్ళ నాయనే అంట. మలారం మోసుకొని వెంట వచ్చిన పిల్లవాడు ఈయన. అందుకేనేమో, ఆమె కనబడకపోయినా లేచి పోయేటప్పుడు ఇంట్లోకి తల వంచి, "అక్కా, పొయ్యొస్తా" అని చెప్పేవాడు. "మంచిది సాయిబూ" అని పెరట్లో నుంచి అవ్వ గొంతు వినబడేదాకా ఆయన మెట్టు దిగేవాడు కాదు.

మా పెద్దక్కకు పెళ్ళి కుదిరిన ఏడు మా ఊరికి పై ఊరి మనిషి ఒకడు వచ్చి సత్రంలో దిగాడు. సాయంకాలమైతే సంత వీధిలో నిలబడి మాట్లాడేవాడు. మంచి గొంతు, మంచి మాటకారి. మీ ఆడవాళ్ళ చేతులు వాళ్ళ చేతుల్లో పెడతారే, మీకు రోషం లేదా అని కుర్రవాళ్ళను అడిగేవాడట. పనీ పాటా లేనివాళ్ళకు మీకు రోషముందని ఒకరు చెబితే అంతకంటే ఏం కావాలి? మొదట నవ్వుకున్నారు, తర్వాత గుంపులుగా నిలబడడం మొదలు పెట్టారు. సాయిబు తాత ఎదురైతే పలకరించడం మానేశారు. వాళ్ళు ఎవరో కాదు, ఆయన చేత గాజులు వేయించుకున్న తల్లుల బిడ్డలే.

ధర్మవరం నుంచి పెళ్ళిచీరలు వచ్చిన రోజు మధ్యాహ్నం మా నాయన అన్నం తింటూ ఆ సంగతి ఎత్తాడు. సాయిబు ఇంక మన వీధికి రాగూడదని ఆ పిల్లోళ్ళు అంటాండారని చెప్పాడు.

"నువ్వేమన్నావు రా?" అని అవ్వ అడిగింది.

"మనకెందుకమ్మా. పెండ్లి పెట్టుకోని ఉండాము. రెండు దినాలు పోతే వాళ్ళే సల్లబడతారు."

అవ్వ ఆయన కంచంలో మజ్జిగ పోసి లేచింది. ఆ మాట ఊళ్ళో మా నాయన ఒక్కడే అనలేదు. ఆ మధ్యాహ్నం ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు అదే అని ఉంటారు. అందరూ మంచివాళ్ళే, ఎవరికీ సాయిబు తాత మీద కోపం లేదు. గొడవ మన ఇంటి ముందరికి రాకుంటే చాలు అనుకున్నారు, అంతే.

మరుసటి రోజే అక్కకు పెళ్ళిగాజులు వేసే రోజు. అక్క పీట మీద కూర్చుంది, అమ్మ ఆమె చేతులకు పసుపు రాస్తోంది. సాయిబు తాత రాగానే కేక వెయ్యమని నన్ను అరుగు మీద కూర్చోబెట్టారు. ఆయన మలుపు తిరిగి రావడం చూశాను. కొత్త మలారం, అన్నీ పచ్చగాజులు, ఎండకు మెరుస్తున్నాయి. నేను లేచి కేక వేసే లోపల ఆ కుర్రవాళ్ళు ఆయన్ని చుట్టుకున్నారు. ఏమన్నారో నాకు వినబడలేదు. ఆయన చేతులు జోడించాడు. ఎవరో మలారం పట్టి లాగారు. అది బండల మీద పడింది. దాన్ని పట్టుకోబోయి ఆయన కూడా తూలి పడ్డాడు, పడుతూ కుడిచెయ్యి ఆనించాడు. ఆ చెయ్యి పగిలిన గాజుల మీద పడింది.

రక్తం చూడగానే ఆ రోషగాళ్ళలో ఒక్కడూ నిలవలేదు. సాయిబు తాత మెల్లగా లేచి, తుండుగుడ్డ చేతికి చుట్టుకున్నాడు. అప్పుడు ఆయనకు నేను కనబడ్డాను. నేను మెట్లు దిగి ఆయన వైపు పరుగెత్తుతున్నాను. ఎడమచెయ్యి ఎత్తి, రావద్దు, రావద్దు అని సైగ చేశాడు. నా కాళ్ళకు చెప్పుల్లేవు. నేను ఆగేదాకా ఆ చెయ్యి దించలేదు. తర్వాత వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. ఆ మనిషి అంత నొప్పిలో నా పాదాల గురించి ఆలోచించాడు.

తలుపులన్నీ తెరుచుకున్నాయి. ఆడవాళ్ళు వచ్చి గడపల దగ్గరే ఆగిపోయారు. పెళ్ళింటి ముందర గాజులు పగిలాయి, ఇంతకంటే అపశకునం ఏముంటుంది? అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అక్క పీట మీదే ఏడవడం మొదలు పెట్టింది. లగ్నం మార్చుకోండని ఒకరన్నారు. అంగడి నుంచి పరుగెత్తుకొచ్చిన మా నాయన, హిందూపురం పోయి గాజులు కొనుక్కొస్తాను, మనమే వేసుకుందామన్నాడు. ఆ గాజు పెంకుల మీద అడుగు పెట్టడానికి ముత్తయిదువ ఒక్కతీ ముందుకు రాలేదు. వాళ్ళ భయం వాళ్ళది, నేను తప్పు పట్టను.

అప్పుడు మా అవ్వ వచ్చింది. పెరట్లో నుంచి నడిమింట్లోకి, అక్క కూర్చున్న పీట పక్కనుంచి, పెద్దవాకిలి దాటి వీధిలోకి వచ్చింది. అమ్మ ఆపబోయింది.

"మీరు ముట్టుకోగూడదు. నాకింక పొయ్యేదేముండాది? నేనెత్తుతా" అంది అవ్వ.

బండల మీద గొంతుక్కూర్చుని, పెంకులు ఒక్కొక్కటే ఏరి ఒళ్ళో వేసుకోవడం మొదలు పెట్టింది. చీపురు తేవచ్చు కదా అని నాకు అనిపించింది. ఆయన తెచ్చిన పెళ్ళిగాజుల్ని కసువులాగా ఊడ్చడం ఆమెకు మనసొప్పలేదని ఇప్పుడు అనుకుంటాను. వేళ్ళు తెగుతున్నా ఆగలేదు. వీధి వీధంతా చూస్తూ నిలబడింది. గాజు మీద గాజు పడే చప్పుడు వినబడుతూ ఉంది.

అంతా ఏరినాక లేచి, ఎవరి మొహమూ చూడకుండా అందరికీ చెప్పింది. "రేపు పొద్దున పిల్లను పిల్చుకోని నేను సాయిబింటికి పోతాండా. గాజులు ఏపిచ్చుకోని వస్తాం. ఒకర్ని తిట్టేది లేదు, ఒకర్ని కొట్టేది లేదు. వచ్చేవాళ్ళు రాండి."

మరునాడు పొద్దున అవ్వ ముందర నడిచింది, ఆమె వెనక అక్క, అమ్మ, నేను. పొద్దున్నే ఎదురు రాగూడదని ఊరు అనుకునే మనిషి పెళ్ళికూతురి ముందర నడుస్తోంది, అయినా ఎవరూ నోరెత్తలేదు. పక్కింటి అక్క చంటిబిడ్డను చంకనేసుకొని వచ్చింది. తర్వాత ఎదురింటి వాళ్ళు. సంత వీధికి వచ్చేసరికి పక్క వీధుల కోడళ్ళు, రెడ్ల ఇళ్ళ ఆడవాళ్ళు, మా చాకలామె, అయ్యవారి భార్య, ఎవరెవరో కలిశారు. ఎవరు పోయి పిలిచారో నాకు తెలియదు. అంగళ్ళ తలుపులు ఒక్కొక్కటే మూసుకోవడం వినబడింది. వెనక్కి చూస్తే మా నాయన గొడుగు పట్టుకొని, తల వంచుకొని వస్తున్నాడు. ఆయన వెనక మిగతా అంగళ్ళవాళ్ళు.

మలుపు దగ్గర ఆ కుర్రవాళ్ళు నిలబడి ఉన్నారు. వాళ్ళ వెనక ఆ పై ఊరి మనిషి. మా ఎదురింటామె కొడుకు అందరికంటే ముందర ఉన్నాడు. ఆమె పోయి వాడి ముందర నిలబడింది.

"దావ ఇడువు నాయనా" అంది, ఎవరో దారిన పోయేవాడితో అన్నట్టు.

వాడు పక్కకు తప్పుకున్నాడు. మిగతావాళ్ళూ తప్పుకున్నారు. గంటలకొద్దీ మాట్లాడే ఆ పెద్దమనిషి సత్రం దావ పట్టాడు.

సాయిబు తాత ఇల్లు కొండ కింద ఉండేది. మేము అంతమందిమి రావడం చూసి ఆ వీధివాళ్ళు మొదట భయపడ్డారు. తర్వాత ముసలామె ఒకరు చాప తెచ్చి పరిచింది, ఆ తర్వాత ప్రతి ఇంటి నుంచీ చాపలు వచ్చాయి. సాయిబు తాత మంచం మీద ఉన్నాడు. చేతికి పెద్ద కట్టు, వేళ్ళు మాత్రం బయటికి ఉన్నాయి. అక్క ఆయన ముందర కూర్చుని చెయ్యి చాపింది.

"నువ్వే ఎయ్యాల తాతా."

ఆయన గాజు అందుకోబోయాడు. వేళ్ళు వంగలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. చిన్నపిల్లల్ని కూడా ఏడవనీయకుండా గాజులు వేసిన మనిషి మా అందరి ముందరా ఏడ్చాడు. అప్పుడు పరాయివాళ్ళ ఎదుటికి ఎన్నడూ రాని ఆయన భార్య వచ్చి పక్కన కూర్చుంది. ఆయన ఎడమచేత్తో అక్క బొటనవేలు మడిచి పట్టుకుంటే, ఆమె గాజు ఎక్కించింది. అట్లా ఇద్దరూ కలిసి పెళ్ళికూతురికి పచ్చగాజులు వేశారు. తర్వాత అమ్మకు, నాకు, వచ్చిన అందరికీ. పొద్దు నడినెత్తికి వచ్చినా ఎవరూ లేచి పోలేదు. ప్రతి ఒక్కరికీ ఆయన చల్లగా ఉండు తల్లీ అని చెబుతూనే ఉన్నాడు.

అవ్వ ఇంతసేపూ బయట గోడ పక్కన నిలబడి ఉంది. ఆయన చూశాడు.

"అక్కా, ఆడ ఎందుకు నిలబడినారు? లోపలికి రాండి."

"శుభం జరిగే చోటు సాయిబూ, నేను రాగూడదు."

"మా ఇంట్లో ఆ లెక్క లేదక్కా. రాండి."

అవ్వ వచ్చి ఆడవాళ్ళందరి మధ్యలో, గాజుల పక్కన కూర్చుంది. నాకు ఊహ తెలిశాక ఆమెను అట్లాంటి చోట చూడడం అదే మొదలు. ఆయన చూపు ఆమె వేళ్ళ మీద పడింది. "మీకూ గుచ్చుకున్యాయా అక్కా?" అన్నాడు. అవ్వ చేతులు కొంగులో దాచుకుంది.

ఆ సాయంకాలం సంత వీధిలో మాటలు వినడానికి ఒక్కరూ పోలేదు. పై ఊరి మనిషి బస్సెక్కి వెళ్ళిపోయాడు. ఊరంతా పండగలాగా ఉంది. నేను గాజులు గలగలలాడిస్తూ పెరట్లోకి పరుగెత్తాను. అవ్వ కాళ్ళు కడుక్కుంటూ ఉంది. మనం గెలిచినాము కదా అవ్వా అన్నాను. ఆమె చెంబు కింద పెట్టి, నా చేతుల వైపు చూసింది.

"ఇదే నడక మొన్ననే నడిచింటే, ఆయప్ప చెయ్యి దక్కిండేది" అంది.

ఆ చెయ్యి మళ్ళీ వంగలేదు. హిందూపురంలో డాక్టరుకు చూపించారు, నరం తెగిందన్నాడు. ఊళ్ళో ఆడవాళ్ళు కొన్నాళ్ళు ఆయన ఇంటికే పోయి గాజులు వేయించుకున్నారు. భార్య వేస్తుంటే ఆయన పక్కన కూర్చుని కబుర్లు చెప్పేవాడు. కాని ఊరికే కూర్చుని తినడం ఆయనకు చేతకాలేదు. బెంగళూరులో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. పోయే ముందు మా ఇంటికి వచ్చి, "అక్కా, పొయ్యొస్తా" అన్నాడు. ఆ రోజు అవ్వ పెరట్లో నుంచి పలకలేదు, పెద్దవాకిలి దగ్గరికి వచ్చి నిలబడి సాగనంపింది. మళ్ళీ ఆయన్ని మేము చూడలేదు. ఆయన పోయాడన్న కబురు కూడా మాకు ఆలస్యంగానే చేరింది.

మా ఊరు ఆనాడు ఒకటయింది, ఆ సంగతి నేను గర్వంగానే చెప్పుకుంటాను. కాని చెప్పిన ప్రతిసారీ ఆ మొన్న గుర్తుకొస్తుంది. అన్నం తింటూ మనకెందుకులే అనుకున్న ఆ మధ్యాహ్నం.

ఇప్పుడు నేను ధర్మవరంలో ఉంటాను. ఈ మధ్య ఒక పేరంటంలో కాఫీలు తాగుతూ, మా సందు చివర పూలమ్ముకునే ఆమె దగ్గర ఇంక కొనద్దు, ఆమె వాళ్ళ మనిషి అని ఎవరో మెల్లగా అన్నారు. పెద్ద మాటేమీ కాదు, ఎవరూ అరవలేదు, కొట్టలేదు. నేను గ్లాసు కింద పెట్టి లేచాను. ఇంత ఎండలో యాడికి పోతాండావమ్మా అని మా కోడలు అడుగుతూనే ఉంది. ఈ మోకాళ్ళతో నేను ఆ సందు చివరికి నడిచి, పూలామె పక్కన రాయి మీద కూర్చున్నాను. రెండు మూరలు కొని, ఆమె పిల్లల సంగతి అడిగాను. ఎవరూ నా వెంట రాలేదు, రాకపోయినా సరే. ఆమె పూలు కడుతోంది, వేళ్ళు చకచకా వంగుతున్నాయి. నేను ఆ వేళ్ళనే చూస్తూ పొద్దు వాలేదాకా కూర్చున్నాను.