సగం తీగ, రెట్టింపు వేడి

నా చిన్నప్పుడు, 1994 మార్చి 11, శుక్రవారం, సాయంత్రం ఐదు గంటల పది నిమిషాలకు, నేను మా పక్కగది అక్క కరెంటు పొయ్యి బాగుచేశాను. టైము కచ్చితంగా తెలుసు. ఐదింటికి రావలసిన నల్లా ఆ రోజు పది నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. పొయ్యి పని ముగించి లేస్తుంటే, కింద బిందెల చప్పుడు మొదలైంది.

అప్పటికి నాకు పదకొండేళ్ళు. మా నాన్న యూనివర్సిటీ క్యాంపస్‌లో ఫిజిక్స్ ల్యాబ్ అటెండరు. తార్నాకలో ఒక మేడ మీద వరసగా ఉన్న గదుల్లో రెండు మావి, చివరిది అక్కది. అక్కది సేద్యం చేసుకునే కుటుంబం. ఆమె క్యాంపస్ లోపలి కాలేజీలో బీఎస్సీ ఆఖరి ఏడాది చదివేది. ఈ ఏడాది పాసైతే ఎమ్మెస్సీకి పంపిస్తానని, తప్పితే మరుసటి రోజే ఊరికి తీసుకుపోతానని వాళ్ళ నాన్న ముందే చెప్పాడు. నెలాఖరున, 30వ తారీఖున, ప్రాక్టికల్ పరీక్ష.

ఆ రోజుల్లో అడిక్‌మెట్ గదుల్లో ఉండే విద్యార్థులు కూడా పొయ్యిల కోసం మా నాన్న దగ్గరికి వచ్చేవారు. పొయ్యి స్ప్రింగు తెగితే, కాలిన ముక్క తీసేసి కొసలు మెలిపెట్టి కలిపేవాడు. వంద సార్లు చూశాను కాబట్టి నాకూ వచ్చనుకున్నాను. ఆ సాయంత్రం నాన్న డ్యూటీలో, అమ్మ చర్చిలో లెంట్ ఉపవాస కూడికలో ఉన్నారు. అక్క పొయ్యి పట్టుకొచ్చింది.

"ఏంది పిల్లా, నీకొస్తదా?" అంది.

"నాకెందుకు రాదు!"

స్ప్రింగు సరిగ్గా మధ్యకు తెగింది. కాలిన సగాన్ని పారేసి, మిగిలిన సగాన్నే సాగదీసి బిగించాను. "తీగ సగమే ఉంది కదక్కా, వేడి కూడా సగమే వస్తుంది. కరెంటు తక్కువ తాగుతుంది" అన్నాను. అక్క నవ్వి, "శానా తెలివి" అని నా నెత్తిన మొట్టి, అన్నం గిన్నె ఎక్కించింది. ఇద్దరం బిందెలు తీసుకుని కిందికి దిగాం.

ఫ్యూజులో సన్నతీగ బదులు ఎవరో ఎప్పుడో లావుతీగ చుట్టారు. అందుకని అది పోలేదు. గోడ మీది వైరు పోయింది. మండుతూ కారిన రబ్బరు కింది చెక్క మీద పడింది. ఆ చెక్క మీద, పద్నాలుగు ప్రయోగాలకూ సారు సంతకాలు పెట్టిన అక్క ప్రాక్టికల్ రికార్డు ఉంది. అది బూడిదైంది.

నాన్న వచ్చాక, ఆ మాడు వాసనలోనే, అందరి ముందూ నన్ను నిలబెట్టి లెక్క చెప్పించాడు. పూర్తి తీగకు రెండు వందల ఇరవై వోల్టుల మీద ఐదు ఆంపియర్లు. భాగిస్తే నిరోధం నలభై నాలుగు ఓమ్‌లు, గుణిస్తే శక్తి పదకొండు వందల వాట్లు. తీగ సగమైతే నిరోధం ఇరవై రెండు. "ఇప్పుడు ఎన్ని ఆంపియర్లు?" పది. "ఎన్ని వాట్లు?" రెండు వేల రెండు వందలు. చెబుతూ చెబుతూ ఏడ్చాను. మా అమ్మ తట్టుకోలేక, "అది పసిది. ఇవే లెక్కలు చదువుకుంటున్నదానివి, నువ్వైనా చూసుకోవద్దూ?" అని అక్కను అంది. అక్క ముఖం అలా బిగుసుకోవడం నేను అంతకు ముందు చూడలేదు.

మర్నాడు క్యాంపస్‌కు నన్ను వెంట తీసుకెళ్ళింది. నేను నాన్న పనిచేసే ఫిజిక్స్ ల్యాబ్ మెట్ల మీద కూర్చున్నాను. కాసేపటికి బయటికి వచ్చి, "సారు ఒప్పుకున్నడు. కొత్తగ రాసి తెస్తే మళ్ళా సంతకాలు పెడతడట. రాయి" అంది.

అంకెలున్న చిత్తుకాగితాలు ఆమె సంచిలో ఉండి బతికాయి. ఆ రోజు నుంచి బడి వదలగానే ఆమె గదిలో కూర్చునేదాన్ని. వోల్టును ఆంపియర్‌తో భాగించి ఒక గడిలో, గుణించి ఇంకో గడిలో వేయాలి. ఒక్క దశాంశం తప్పినా కాగితం చింపి, "మళ్ళా" అనేది. మరో మాట ఉండేది కాదు. బయట పిల్లలు తొక్కుడుబిళ్ళ ఆడుతూ నన్ను పిలిచేవారు. నేను కదిలేదాన్ని కాదు. పద్నాలుగు ప్రయోగాలూ పూర్తయితే అక్క పరీక్ష రాస్తుంది, నా తప్పు చెరిగిపోతుంది, అంతే నాకు తెలిసింది. నాన్న నాకు తెల్లకాగితాలు తెచ్చి ఇచ్చేవాడు.

29న చివరి పేజీ అయింది. 30 పొద్దున రికార్డుకు అట్ట వేసి పట్టుకుని పరుగెత్తాను. అక్క బట్టలు మూటగడుతోంది. వాళ్ళ అన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"అక్కా, పరీక్షకు టైమవుతుంది కదా!"

"సంతకాల్లేని రికార్డు ఎవ్వరు ముట్టరు. మళ్ళా సంతకం పెట్టనని సారు ఆ శనివారమే చెప్పిండు."

"మరి నాతో ఎందుకు రాయించావు?"

ముడి బిగిస్తూ, తల ఎత్తకుండా చెప్పింది. "నా చదువు పోతుంటే నువ్వు కింద ఆడుకునుడు నాకు చూడబుద్ధి కాలె. గందుకే."

నా వెనకే వచ్చి నిలబడ్డ నాన్న వైపు తిరిగాను. ఆ ల్యాబ్ తలుపు పక్కనే ఆయన స్టూలు. సారు అన్న మాట ఆ శనివారమే ఆయన చెవిన పడింది. "ఆ అమ్మాయి అడిగింది, సరేనన్నాను. నీకూ లెక్క వచ్చింది" అన్నాడు.

వచ్చింది, నిజమే. నా జుట్టు నెరవడం మొదలైంది కానీ, ఏ వస్తువైనా దాని మీద రాసిన అంకెలు చదివి, భాగించి నిరోధం, గుణించి శక్తి కట్టకుండా నేటికీ ప్లగ్గు పెట్టను. ఆ లెక్క మళ్ళీ తప్పలేదు. ఆనాటి తప్పులో నా పాలెంత, నవ్వి ఊరుకున్న అక్క పాలెంత అన్న భాగహారం మాత్రం ఇంతవరకూ తెగలేదు. ట్యూషన్‌కు నా దగ్గరికి వచ్చే పిల్లలు లెక్క తప్పితే, తప్పని అక్కడికక్కడే చెప్పేస్తాను. ఒక్క రోజు కూడా ఆగను.

పోయినవి ఇవి. రికార్డు ఒకటి, అందులో సంతకాలు పద్నాలుగు. అక్క డిగ్రీ. నా సాయంత్రాలు పద్దెనిమిది. నాన్న మాట మీద నాకున్న నమ్మకం. అక్క.