తెరచాప గుడ్డ మీద మా నలుపు

ముందు పోయినవి చెబుతాను. మూడు బొమ్మలు. ఎనామెల్ రంగు డబ్బాలు అయిదు, పెద్ద కుంచెలు రెండు. అన్నిటికన్నా ఎక్కువగా, పాత తెరచాప గుడ్డ తొమ్మిది మూరలు.

తొంభైల చివరి మాట ఇది. గుడివాడలో షాపులకు బోర్డులు రాసేవాణ్ణి. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. అడుగుకు ఎన్ని అక్షరాలు పడతాయో లెక్కవేసుకుంటూ చెయ్యి తిప్పుకున్నాను. బొమ్మలు నా సొంత సరదా. గోనెపట్టా, చిరిగిన వల, రొయ్యల మేత సంచి, ఏది దొరికితే దాని మీద వేసేవాణ్ణి.

ఒకసారి బోర్డు పని మీద కోడూరు వెళ్తే, చేపలవేట మానుకున్న ఒక పెద్దాయన ఇంటి చూరులో చుట్టిపెట్టిన తెరచాప కనిపించింది. గుడ్డ చివకకుండా తుమ్మచెక్క కషాయంలో ఏటా నానబెట్టడంతో ఇటుక రంగు తేలింది. పడవను విప్పి కలప కింద అమ్మేశాడు. ఫొటో కూడా లేదు. అడగ్గానే తన చేత్తో కొలిచి పన్నెండు మూరలు కోసి ఇచ్చాడు.

"ఊరికే కాదండోయ్ పెయింటరుగారూ. దీని మీద మా పడవ బొమ్మ వేసి, గుడ్డంతా మళ్లీ నాకే ఇవ్వాలి."

పీలికలైన అంచులు పోగా, నా చేత్తో మూడేసి మూరల చొప్పున నాలుగు ముక్కలు చేశాను. మూడింటి మీద వేసిన రంగు వారం తిరక్కుండా పెచ్చులుగా రాలింది. ఆ సంగతి చెప్పడానికి వెళ్తే పెద్దాయన పగలబడి నవ్వాడు.

"అంత సముద్రం గాలిని పట్టిన గుడ్డండీ అది. మీ డబ్బా రంగుని పట్టనంటోందా?"

"ఇంకేమైనా ఉందా బాబాయ్?"

"మిగతాది ఎలకలు తినేశాయి. మీ దగ్గరున్నదే ఆఖరు. అదీ పాడుచేస్తే ఇక మా పడవ లేనట్టే."

ఆ ముక్క చంకలో పెట్టుకుని బందరు బస్సెక్కాను. అక్కడ కలంకారీ అద్దకం చేసే ఒకాయన నాకు తెలుసు. గుడ్డ చేతిలోకి తీసుకుని వాసన చూశాడు.

"ఏం బావగారూ, మేం నలుపు అద్దాలంటే ముందు గుడ్డకి కరక్కాయ వగరు పట్టిస్తాం. దీనికి తుమ్మచెక్క వగరు ఎప్పుడో పట్టింది. దీని మీద కంపెనీ రంగు పూశారా మీరు!"

తుప్పు ఇనుమును బెల్లం నీళ్లలో వేసి పులియబెట్టిన కుండ పక్కనే ఉంది. అందులో వేలు ముంచి గుడ్డ మూల మీద గీశాడు. పలచటి టీ నీళ్లలాంటి గీత. నేను అంకెలు లెక్కపెడుతున్నాను. పది దాటేసరికి బూడిద రంగు. ముప్పై అయ్యేసరికి నలుపు. కాకి నలుపు! రంగు నేను పూయక్కర్లేదు, గుడ్డలోంచే వస్తోంది. పక్కన గుల్లసున్నం నీళ్లు చుక్క వేసి చూశాను. అక్కడ ఎర్రబారింది. రెండు రంగులు!

అప్పటికప్పుడే కూర్చున్నాను. పెద్దాయన చెప్పిన పడవ కొలతలన్నీ నా చీటీలో ఉన్నాయి. పొడవు ఇరవై ఆరడుగులు, అడుగుకు అంగుళం చొప్పున. మోకులున్నచోట గీతకు బదులు వలదారంతో కుట్టాను. సాయంత్రం అద్దకం ఆయన, "ఇప్పుడు కాలవలో జాడించండి, లేకపోతే ఇనుము గుడ్డని తినేస్తుంది" అన్నాడు. గుడ్డ తీసుకుని కాలవలోకి దిగాను. పారే నీళ్లలో వదిలి, రెండు కొసలూ పట్టుకుని, వంద లెక్కపెట్టి పైకి తీశాను. పడవ ఉంది. ఒక్క గీత కూడా కదల్లేదు.

మర్నాడే కోడూరు వెళ్లాను. పెద్దాయన బొమ్మను గోడకు ఆనించి, కొయ్య కొయ్యనీ వేలితో తడిమి చూశాడు. "చుక్కాని కాస్త కిందికుండాలి. మిగతాదంతా అదే" అన్నాడు. తర్వాత గుడ్డను కింద పరిచి మోచెయ్యి ఆనించి కొలవడం మొదలుపెట్టాడు.

"మూడు మూరలు బాబాయ్" అన్నాను.

"మీ చేత్తో మూడేమో. నా చేత్తో రెండుంముప్పావు. ఇచ్చింది పన్నెండు కదండీ?"

ఇద్దరం నవ్వుకున్నాం గానీ ఆ లెక్క ఆయన కొట్టెయ్యలేదు, నేనూ కొట్టెయ్యలేదు. ఆ తర్వాత రేవు రేవూ వెతికాను. అంతటా నైలాను, ఇంజన్లు. తుమ్మచెక్క తాగిన తెరచాప ఎక్కడా దొరకలేదు. ఆయన చేతి కొలతన నేను ఇంకా ఇవ్వాల్సింది తొమ్మిదింబావు మూరలు.