పది నిమిషాల తేడా

ఆ భవనంలో పనిచేసేవాళ్లు ఆమెను తక్కెడమ్మ అంటారు. ఎదురుగా అనరు. ఇరవై రెండేళ్లుగా ఆమెది ఒకటే పని: తగవులు కోర్టు దాకా పోకుండా మధ్యవర్తిగా కూర్చుని తీర్చడం. మొగుడూ పెళ్లాలు, అన్నదమ్ములు, ఇరుగుపొరుగువాళ్లు రెండో అంతస్తులోని ఆమె గదికి వస్తారు.

ఈ పని ఆమెకు ఎవరూ నేర్పలేదు. మొదట అక్కడే టైపిస్టు. చూసి కొంత, తప్పులు చేసి కొంత నేర్చుకుంది. ఒక కుర్చీ అంగుళం ఎత్తుగా ఉంటే అందులో కూర్చున్నవాళ్ల గొంతు లేస్తోందని కనిపెట్టి, ఇంటి నుంచి రంపం తెచ్చి దాని నాలుగు కాళ్లూ కోసింది. నీళ్ల గ్లాసులు ముందే నింపి పెడుతుంది. మాట తోచనప్పుడు మనిషి చేతిలో ఏదో ఒకటి ఉండాలి. తను రాసుకున్న కాగితాలు చివర్లో వాళ్ల ఎదుటే చింపేస్తుంది. రాజీ కుదిరినా సరే, ఇద్దరినీ కలిసి మెట్లు దిగనివ్వదు. ఒకరు వెళ్లిన పది నిమిషాలకు ఇంకొకరు. బల్ల దగ్గర కుదిరిన మాట మెట్ల మీద బెడిసికొట్టడం ఆమె రెండుసార్లు చూసింది.

ఇంకో నియమం కూడా ఉంది. వాళ్లు బయట కనబడితే తనంతట తాను పలకరించదు. వాళ్లూ పలకరించరు. ఇంటి గుట్టు తెలిసిన మనిషిని చూసి ఎవరు నవ్వుతారు? ఆమె కూరగాయల బండి దగ్గర నిలబడితే చాలు, ఎవరో ఒకరికి అవతలి వీధిలో పని గుర్తొస్తుంది. ఊళ్లో సగం ఇళ్ల సంగతులు ఆమెకు తెలుసు. వాటిలో ఒక్క ఇంటి గడపా తొక్కలేదు.

ఆ రోజు పొద్దున కింద కూర్చునే గుమాస్తా ఒక దరఖాస్తు పట్టుకుని పైకొచ్చాడు.

"మేడం, ఇదేదో తిరకాసుగా ఉంది. ఎదుటి పక్షం అన్నచోట మీ పేరే రాశారు. సంబంధం, చెల్లెలు అట."

మూడేళ్ల కిందట అక్క ఒక సంచీతో ఆమె ఇంటికి వచ్చింది. బయటికి వెళ్లినప్పుడల్లా మొగుడు తనను లోపల ఉంచి తాళం వేసుకుని పోతున్నాడని చెప్పింది. అంతా విని చెల్లెలు అంది: "బావ చెప్పేదీ వినాలి కదక్కా."

అక్క సంచీ విప్పకుండానే వెళ్లిపోయింది. మొగుడి దగ్గరికీ పోలేదు, ఊరి చివర ఎక్కడో గది తీసుకుందని తెలిసింది. అక్కే ముందు పలకరిస్తుందని చెల్లెలు ఎదురుచూసింది. అలా మూడేళ్లు.

"మీ కేసు మీరే చూడకూడదు కదండీ. తగవులు చూసే ఇంకో మేడం సెలవులో ఉన్నారు. వచ్చేవారం రమ్మననా?" అన్నాడు గుమాస్తా.

"పైకి పంపించు."

అక్క వచ్చింది. జుట్టు బాగా నెరిసింది. చెల్లెలు అలవాటుకొద్దీ కిటికీకి వీపు పెట్టి తన కుర్చీలో కూర్చోబోయింది.

"అక్కడ కాదు, ఇటు రా. ఇవాళ నువ్వు తగువు పడ్డదానివి, తీర్చేదానివి కాదు."

చెల్లెలు వచ్చి అక్క పక్కనున్న కుర్చీలో కూర్చుంది. కిటికీలోంచి ఎండ నేరుగా కళ్లలో కొట్టింది. ఖాళీగా ఉన్న తన కుర్చీ నల్లటి నీడలా ఉంది తప్ప సరిగ్గా కనబడలేదు. కుర్చీ కాళ్లు కొలిచి కోసింది గానీ, ఇన్నేళ్లలో ఒక్కసారైనా ఇటు కూర్చుని చూడలేదు.

"నీకు ఎంత కష్టంగా ఉందో నాకర్థమవుతోంది..."

"ఆపవే! ఆ పాట ఇక్కడికొచ్చేవాళ్లకి పాడుకో. చిన్నప్పుడు నా జడ పట్టుకుని పోట్లాడేదానివి, ఆ పిల్లేమైంది? గోడమీది పిల్లిలా కూర్చుందా?"

చెల్లెలు గ్లాసు పట్టుకుంది. తాగలేదు.

"ఒక్కటే అడుగుతాను," అంది అక్క. "తాళం సంగతి నమ్మావా, లేదా?"

"నమ్మాను."

"ఎప్పుడు?"

"నువ్వు చెప్పినప్పుడే."

"మరి ఆ ముక్క మింగి కూర్చున్నావేం?"

ఎవరి పక్షమూ మాట్లాడకపోవడం అలవాటైపోయిందని చెప్పడానికి సిగ్గేసింది.

"తప్పు బావది," అంది. గ్లాసు బల్ల మీద పెట్టి, "నాది కూడా," అంది. ఫలానావాళ్లది తప్పు అన్న మాట ఆ గదిలో ఆమె నోట రావడం అదే మొదలు.

అక్క అరచేత్తో ముఖం తుడుచుకుని లేచింది.

"ఆ కిటికీకి ఓ పరదా వేయించవే. కళ్లు పోతున్నాయి," అని మెట్లు దిగింది.

చెల్లెలు గ్లాసులు కడిగి బోర్లించింది. కుర్చీలు సర్దింది. గడియారం చూసుకుని, పది నిమిషాలు దాటాక కిందికి వచ్చింది.

"ఇంతసేపేంటి మేడం!" అన్నాడు గుమాస్తా. "మా చెల్లి వస్తోంది, కలిసి వెళ్తాం అని మీ అక్కగారు ఇక్కడే నిలబడ్డారు. ఒక బస్సు వదిలేశారు కూడా. రెండోది ఇప్పుడే ఎక్కేశారు."

ఆమె గుమ్మం దాకా పరుగెత్తింది. బస్సు మలుపు తిరిగిపోయింది. వెనక్కి వచ్చి చెయ్యి చాపింది.

"ఆ దరఖాస్తు ఇటివ్వు."

"చింపేస్తారా?"

"దానిమీద అక్క చిరునామా ఉంది కదా."

కాగితాన్ని మడిచి సంచీలో పెట్టుకుంది. వెళ్లి స్టాపులో నిలబడింది. అక్కడ ఇంకెవరూ లేరు. తర్వాతి బస్సుకు ఇంకా టైముంది.